రాయలసీమ నుంచి ఎంబీబీఎస్ సీటు దాకా: పదో తరగతి తర్వాత ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

ఎంబీబీఎస్ సీటు కోసం చేసే ప్రయత్నంలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఎంబీబీఎస్ ప్రవేశాలకు దేశమంతటా జరిగే నీట్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకోవడం మొదటిది. ఆ ర్యాంకుకు న్యాయంగా రావలసిన సీటును కాగితాల లోపం వల్లనో, ఆప్షన్ల వరుస తప్పడం వల్లనో పోగొట్టుకోకుండా చేతికి తెచ్చుకోవడం రెండోది. మొదటి పని గురించి చెప్పేవాళ్లకు కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో కొదువ లేదు. రెండోదాని గురించి మాత్రం, ఆలూరులోనో రాయదుర్గంలోనో మైదుకూరులోనో చదువుకుంటూ, ఇంట్లో అంతకు ముందు డాక్టరు చదువు చదివినవాళ్లెవరూ లేని పిల్లలకు, సమయానికి చెప్పేవాళ్లు దొరకడం కష్టం. అందుకే ఈ వ్యాసంలో రెండింటినీ కలిపి, జరిగే వరుసలోనే చెబుతున్నాను. మీరు పదో తరగతిలో ఉన్నా, ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నా, మీ దశ నుంచి మొదలుపెట్టండి. అయితే స్థానికతకు సంబంధించిన మొదటి భాగాన్ని మాత్రం అందరూ చదవాలి.

ఇంటర్ ఎక్కడ చదవాలో నిర్ణయించే ముందు

చాలా కుటుంబాలు కాలేజీ ఎంపికను ఫీజు, హాస్టలు, గత ఏడాది ఫలితాలు చూసి తేల్చేస్తాయి. వీటికంటే ముందు చూడవలసినది స్థానికత. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య విద్య సీట్లను రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రాంతాలవారీగా పంచుతారు. పాత కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. దీనినే ఎస్వీయూ ఏరియా అంటారు. 2022లో జిల్లాలు విడిపోయి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య వంటి కొత్త పేర్లు వచ్చినా ఈ పాత విభజన మారలేదు. ఈ ప్రాంతంలోని కాలేజీల్లో రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం ఎస్వీయూ ఏరియా స్థానికులకే చెందుతాయి. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లు, అంటే స్థానికులూ స్థానికేతరులూ పోటీ పడగలవి.

స్థానికులెవరన్నది మీరు పుట్టిన ఊరిని బట్టి కాదు, చదివిన చోటును బట్టి తేలుతుంది. ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ, ఒకే ఏరియాలో చదివితే మీరు ఆ ఏరియా స్థానికులు. అలా కుదరని వారికి రాష్ట్రంలోనే వరుసగా చదివిన ఏడేళ్లను, అంటే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా, లెక్కలోకి తీసుకుని, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికులుగా పరిగణిస్తారు.

దీనిని మన పిల్లల పరిస్థితికి అన్వయించి చూద్దాం. పదో తరగతి దాకా ఆదోనిలో చదివి ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివిన అమ్మాయికి నాలుగేళ్ల లెక్క ఏ ఏరియాలోనూ కుదరదు. ఏడేళ్ల లెక్కలో ఐదేళ్లు ఎస్వీయూ ఏరియాలోనే ఉన్నాయి కాబట్టి ఆమె ఇక్కడి స్థానికురాలే. అదే అమ్మాయి ఇంటర్‌కు హైదరాబాదు వెళ్లిందనుకోండి. తెలంగాణ వేరే రాష్ట్రం కావడంతో ఏడేళ్ల లెక్క మధ్యలో తెగిపోతుంది. విభజన చట్టం కింద పదేళ్లపాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు కూడా 2024 జూన్ 2తో ముగిసింది. మడకశిర, హిందూపురం, రాయదుర్గం వైపు నుంచి బెంగళూరుకో బళ్లారికో, మంత్రాలయం వైపు నుంచి రాయచూరుకో ఇంటర్ చదువుకు వెళ్లే పిల్లలకూ ఇదే చిక్కు వస్తుంది. తల్లిదండ్రులు పదేళ్లుగా రాష్ట్రంలో నివసిస్తున్నారని చూపి అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు పోటీ పడవచ్చు గాని, 85 శాతం తలుపు మాత్రం మూసుకుపోతుంది. కాలేజీ కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్నందుకు ఇంత పెద్ద వాటా వదులుకోవలసి వస్తుందని తెలిస్తే చాలామంది తల్లిదండ్రులు వేరే నిర్ణయం తీసుకునేవారు. ఇంటర్ దరఖాస్తు రాసే రోజే ఈ లెక్క వేసుకోండి. మీరు ప్రవేశం కోరే ఏడాది ప్రభుత్వం ఇచ్చే నోటిఫికేషన్‌లో స్థానికత పేరాను కూడా స్వయంగా చదవండి.

ఆ వాటా ఎంతదో చూడడానికి కర్నూలు వైద్య కళాశాలను తీసుకుందాం. 1956లో మొదలైన ఈ కాలేజీలో 250 సీట్లున్నాయి. వాటిలో 15 శాతం, అంటే 37 దాకా, దేశమంతటి విద్యార్థులు పోటీ పడే అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలిన 213లో 85 శాతమంటే 180కి పైగా సీట్లు ఎస్వీయూ స్థానికుల మధ్యే పంచుతారు. అనంతపురం, కడప ప్రభుత్వ కాలేజీల్లోనూ, తిరుపతి ఎస్వీ వైద్య కళాశాలలోనూ, 2023లో మొదలైన నంద్యాల ప్రభుత్వ కాలేజీలోనూ ఇదే పద్ధతి.

ఇక కాలేజీ విషయానికి వస్తే, పేరున్న కార్పొరేట్ కాలేజీలో చేరకపోతే సీటు రాదన్న భయం అవసరం లేదు. ప్రభుత్వ గురుకులాల్లోనూ నీట్ శిక్షణ ఉంది. కర్నూలు పక్కన చిన్నటేకూరులో ఉన్న అంబేద్కర్ గురుకులం అందుకు తెలిసిన ఉదాహరణ. ఏ కాలేజీలో చేరినా మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకుడు ఏడాది మధ్యలో మారిపోతున్నారా? పరీక్ష పెట్టిన మర్నాడు తప్పులు కూర్చోబెట్టి వివరిస్తున్నారా? పిల్లలకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర దొరుకుతోందా? అక్కడ చదువుతున్న పిల్లలను కాలేజీ గేటు బయట పలకరిస్తే ఈ మూడింటికీ జవాబు దొరుకుతుంది. గోడల మీద ర్యాంకుల ఫ్లెక్సీలు వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పవు.

ఏది చదవాలి, ఎలా చదవాలి

2025 నుంచి నీట్ పరీక్ష 180 ప్రశ్నలతో, 180 నిమిషాల్లో, 720 మార్కులకు జరుగుతోంది. భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. సిలబస్‌ను జాతీయ వైద్య కమిషన్ తన వెబ్‌సైటులో పెడుతుంది. 2024 పరీక్షకు ముందు అందులోంచి కొన్ని అధ్యాయాలను తీసేశారు. పాత స్టడీ మెటీరియల్‌తో చదివేవారు ముందుగా ఆ జాబితాను ప్రింటు తీసుకుని, తీసేసిన అధ్యాయాలను కొట్టేసి మొదలుపెట్టాలి.

జీవశాస్త్రానికి ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలే ఆధారం. వీటిని ఆ సంస్థ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అందరూ ఈ మాట చెబుతారు. అయితే ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో చెప్పేవారు తక్కువ కాబట్టి ఒక్క పేరాను ఉదాహరణగా తీసుకుని చూపిస్తాను.

మూత్రపిండాల పాఠంలో నిమిషానికి సుమారు 1100 నుంచి 1200 మిల్లీలీటర్ల రక్తం మూత్రపిండాల ద్వారా వడపోతకు వెళుతుందనీ, అది గుండె ఒక నిమిషంలో పంపు చేసే రక్తంలో ఐదో వంతు అనీ ఉంటుంది. ఆ తర్వాత, ఆరోగ్యవంతునిలో గ్లోమెరులార్ వడపోత రేటు నిమిషానికి 125 మిల్లీలీటర్లనీ, అంటే రోజుకు 180 లీటర్లనీ ఉంటుంది. ఎక్కువమంది ఈ అంకెల కింద గీత గీసి ముందుకు వెళతారు. మీరు అక్కడ ఆగండి. 125ను 1440 నిమిషాలతో గుణించి చూడండి, 180 లీటర్లు మీకే వస్తుంది. 1200ను ఐదుతో గుణించండి, గుండె నిమిషానికి పంపు చేసేది సుమారు ఐదు లీటర్లని రక్తప్రసరణ పాఠంలో చదివిన అంకె దగ్గరికి వస్తారు. రోజుకు బయటికి వెళ్లే మూత్రం ఒకటి, ఒకటిన్నర లీటరే కాబట్టి, వడపోసిన దానిలో 99 శాతం తిరిగి రక్తంలోకి పోతోందని కూడా తెలుస్తుంది. ఇప్పుడు పుస్తకం మూసి, ఆ పేరా నుంచి ఎన్ని ప్రశ్నలు అడగవచ్చో రాయండి. రెండు వాక్యాలిచ్చి ఏది సరైనదో చెప్పమనే ప్రశ్న, రెండు వరుసలను జత చేయమనే ప్రశ్న, ఒక అంకెను మార్చి తప్పు పట్టుకోమనే ప్రశ్న, అన్నీ ఆ ఒక్క పేరాలోనే దాగి ఉంటాయి. ఇలా చదివితే మొదటిసారి ఒక పాఠానికి మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. రెండోసారి ఒక పూటలో అయిపోతుంది. బొమ్మల కింద ఉండే వివరణలను, పట్టికలను, పాఠం చివరి సారాంశాన్ని కూడా ఇదే శ్రద్ధతో చదవాలి.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. నీట్‌ను తెలుగులో రాయవచ్చు. ప్రశ్నపత్రంలో తెలుగుతో పాటు ఇంగ్లీషు పాఠం కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. పాఠం అర్థం చేసుకోవడానికి తెలుగు అకాడమీ పుస్తకాన్ని వాడుకుంటూనే, సాంకేతిక పదాలను మొదటి రోజు నుంచే ఇంగ్లీషులో కూడా రాసి నేర్చుకోండి. వృక్కం అని చదివినా కిడ్నీ, నెఫ్రాన్, రీనల్ అన్న మాటలు కంటికి అలవాటు కావాలి. రేపు ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇప్పుడు పడ్డ శ్రమ అప్పుడు అక్కరకు వస్తుంది.

భౌతికశాస్త్రంలోనే మన ప్రాంతపు పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటారు. బైపీసీలో గణితం ఉండదు గనుక సంవర్గమానాలు, త్రికోణమితి, సదిశలు, సరళమైన అవకలనం రాక, సూత్రం తెలిసీ లెక్క చేయలేకపోతారు. ఇంటర్ మొదటి సంవత్సరం మొదటి నెలను పూర్తిగా ఈ నాలుగు విషయాలకు కేటాయించండి. ఆ తర్వాత రోజూ పదిహేను లెక్కలు, సమాధానం చూడకుండా, కాగితం మీద పూర్తిగా చేయండి. వీడియోలో ఎవరో చేసిన లెక్కను చూసి అర్థమైందనుకోవడం, స్వయంగా చేయగలగడం ఒకటి కావు. రసాయనశాస్త్రంలో అకర్బన భాగానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, భౌతిక రసాయనానికి లెక్కల సాధన, కర్బన భాగానికి చర్యల వరుసను చేత్తో పదేపదే రాయడం సరిపోతాయి.

వారానికో పూర్తి పరీక్ష రాసే దశకు వచ్చాక తప్పుల పుస్తకం పెట్టుకోండి. ప్రతి తప్పు పక్కన అది ఎందుకు జరిగిందో ఒక్క మాటలో రాయాలి: తెలియలేదు, తెలిసీ మరిచిపోయాను, ప్రశ్న సరిగా చదవలేదు, లెక్కలో జారాను. నెల తర్వాత లెక్కపెడితే మీ మార్కులు ఎక్కడ పోతున్నాయో తెలుస్తుంది. తెలియక పోయిన మార్కులకు మందు చదువు. ప్రశ్న సరిగా చదవక పోయిన మార్కులకు మందు, "కానిది ఏది" వంటి మాటల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టే అలవాటు.

దరఖాస్తు, ధ్రువపత్రాలు

దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతాయి. 2025లో ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 దాకా తీసుకున్నారు. కాగితాల పని మాత్రం అంతకు ముందు దసరా సెలవుల్లోనే పూర్తి చేయాలి.

మొదట పేరు. మన పదో తరగతి మార్కుల జాబితాల్లో ఇంటిపేరు తరచుగా ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. తండ్రి పేరులోనూ ఇలాంటి తేడాలే. పదో తరగతి జాబితాను ఆధారం చేసుకుని ఆధార్‌ను అందుకు తగినట్టు సరిచేయించండి. పుట్టిన తేదీని కూడా పోల్చి చూడండి. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. గరిష్ఠ వయోపరిమితి లేదు.

తర్వాత కులం, ఆదాయం. ఇక్కడ బీసీ విద్యార్థులు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. రాష్ట్రంలో బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అనే విభజన ఉంది. కేంద్రానికి వేరే ఓబీసీ జాబితా ఉంది. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులం కేంద్ర జాబితాలో ఉంటుందని అనుకోకూడదు. మీ కులం పేరు రెండు జాబితాల్లోనూ వెతికి చూసుకోండి. నీట్ దరఖాస్తుకు, అఖిల భారత కోటాకు కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరని చెప్పే) ఓబీసీ ధ్రువపత్రం కావాలి. రాష్ట్ర కౌన్సెలింగుకు సచివాలయం లేదా మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువపత్రం కావాలి. ఈ రెండూ వేరు, ఒకటి ఉంటే చాలదు. ఓసీ కుటుంబాల్లో వార్షికాదాయం 8 లక్షల లోపు ఉన్నవారు ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) ధ్రువపత్రం తీసుకోవాలి. దాని చెల్లుబాటు ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉంటుంది గనుక ఏప్రిల్ తర్వాత మళ్లీ కొత్తది తీసుకోవలసి వస్తుంది. ఎస్సీ విద్యార్థులు 2025లో రాష్ట్రంలో అమల్లోకి వచ్చిన ఉపవర్గీకరణ ప్రకారం తమ గ్రూపు ధ్రువపత్రంలో నమోదైందో లేదో చూసుకోవాలి.

స్టడీ సర్టిఫికెట్ల విషయంలో ఆలస్యం చేయకండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన ప్రతి బడి నుంచీ, ఏ సంవత్సరం ఏ తరగతి చదివారో రాసి, ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసి ముద్ర వేసిన పత్రం కావాలి. స్థానికతను తేల్చేది ఇవే. మీరు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే ఆ రికార్డులు మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి చేరాయేమో కనుక్కోవాలి. కౌన్సెలింగు గడువు నాలుగైదు రోజులే ఉన్నప్పుడు ఈ తిరుగుడు పెట్టుకుంటే పని జరగదు.

దరఖాస్తును నెట్ సెంటరులో చేయించినా విద్యార్థి పక్కన కూర్చుని ప్రతి గడినీ చదవాలి. సెంటరువాళ్ల ఫోన్ నంబరు, ఈమెయిలు ఇవ్వకూడదు. ఓటీపీలు, హెచ్చరికలు అన్నీ ఆ నంబరుకే వస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరి నంబరు ఇచ్చి, ఆ సిమ్‌ను ప్రవేశాలు ముగిసేదాకా మార్చకుండా ఉంచుకోండి. దరఖాస్తులో పెట్టిన ఫోటోనే కనీసం పదిహేను ప్రతులు తీయించి పెట్టుకోవాలి. పరీక్షకూ, ప్రవేశానికీ అదే అడుగుతారు.

పరీక్ష రోజు

2025లో నీట్ మే 4, ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల వరకు జరిగింది. గేటు 1.30కే మూసేశారు. మే నెలలో కర్నూలు, కడప ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఊళ్లో నుంచి ఆ ఉదయమే బస్సెక్కి వచ్చి, మండుటెండలో కేంద్రం వెతుక్కుని, అలసటతో పరీక్ష రాయడం రెండేళ్ల చదువుకు అన్యాయం చేయడమే. ముందు రోజే పట్టణానికి చేరుకుని బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండండి, సాయంత్రం ఒకసారి కేంద్రం దాకా వెళ్లి చూసి రండి. పొట్టి చేతుల పలుచటి చొక్కా, చెప్పులు వేసుకోండి. బూట్లు, గడియారం, నగలు వద్దు. అడ్మిట్ కార్డులో ఉన్న సూచనలను రెండుసార్లు చదివి, అందులో చెప్పినవే తీసుకెళ్లండి. మధ్యాహ్న భోజనం పన్నెండు లోపు తేలికగా ముగించాలి. గత రెండు నెలలుగా గ్రాండ్ టెస్టులు కూడా అదే సమయంలో, 2 నుంచి 5 మధ్యే రాసి ఉంటే శరీరం ఆ వేళకు అలవాటు పడి ఉంటుంది.

జీవశాస్త్రంతో మొదలుపెట్టి 50 నిమిషాల్లో ముగించడం, రసాయనశాస్త్రానికి 45, భౌతికశాస్త్రానికి 65 నిమిషాలు ఇవ్వడం, చివరి 20 నిమిషాలు వదిలేసిన ప్రశ్నలకూ ఓఎంఆర్ జవాబు పత్రం సరిచూసుకోవడానికీ ఉంచుకోవడం ఎక్కువమందికి కుదిరే పద్ధతి. ఓఎంఆర్ గడులను చివర ఒకేసారి నింపుదామనుకోకండి. పేజీ పూర్తయిన వెంటనే నింపండి.

తెలియని ప్రశ్నల గురించి లెక్క చూద్దాం. నాలుగు జవాబుల్లో ఏదీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటున వచ్చేది పావు మార్కు మాత్రమే, అదృష్టం బాగోకపోతే నష్టమే. రెండు జవాబులు కచ్చితంగా కావని తీసేయగలిగితే సగటున మార్కున్నర వస్తుంది. కాబట్టి రెండింటిని తీసేయగలిగినప్పుడు పెట్టండి, ఒక్కటీ తీసేయలేనప్పుడు వదిలేయండి.

ఫలితం వచ్చాక

మార్కులు చూసి సంతోషించడమో కుంగిపోవడమో చేయకండి, ర్యాంకు చూడండి. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. మరుసటి ఏడాది ప్రశ్నపత్రం, ముఖ్యంగా భౌతికశాస్త్రం, కఠినంగా రావడంతో దేశంలో మొదటి ర్యాంకు 686 మార్కులకే వచ్చింది, 600 దాటినవారు దేశమంతటికీ పదిహేను వందల లోపే ఉన్నారు. కిందటి ఏడాది ఫలానా మార్కులకు సీటు వచ్చిందన్న మాటతో ఈ ఏడాది అంచనా కట్టడం పనికిరాదు. కిందటి ఏడాది మీ కేటగిరీలో, ఎస్వీయూ ఏరియాలో, ఆయా కాలేజీల చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి.

ఇక్కడి నుంచి రెండు కౌన్సెలింగులు పక్కపక్కనే నడుస్తాయి. దేశవ్యాప్తంగా ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం సీట్లు, మంగళగిరితో సహా ఎయిమ్స్ సీట్లన్నీ, జిప్‌మర్, డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లు ఎంసీసీ అనే కేంద్ర కమిటీ ద్వారా భర్తీ అవుతాయి. రాష్ట్రంలోని కన్వీనర్ కోటా (ప్రభుత్వం నిర్ణయించిన ఫీజుకు ర్యాంకు ప్రకారం ఇచ్చేవి), మేనేజ్‌మెంట్ కోటా (ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ ఫీజుకు ఇచ్చేవి) సీట్లను విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. రెండింటికీ వేర్వేరుగా నమోదు చేసుకోవాలి. ఒకదానిలో నమోదు చేసుకుంటే రెండోదానికి దానంతటదే వెళుతుందని పొరబడి గడువు దాటించుకున్నవారు ప్రతి ఏటా ఉంటారు.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒకే సూత్రం పాటించండి: మీకు నిజంగా ఏ కాలేజీ ఎక్కువ ఇష్టమో అది పైన ఉండాలి. నాకు అది రాదులే అని ఇష్టమైన కాలేజీని కిందికి నెట్టకూడదు. పైన పెట్టినంత మాత్రాన కింది కాలేజీలో అవకాశం తగ్గదు. మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటరు మీ జాబితాను పై నుంచి చూస్తూ ఖాళీ ఉన్న మొదటి సీటును ఇస్తుంది, అంతే. ప్రభుత్వ కాలేజీలన్నీ పెట్టాక, కన్వీనర్ కోటాలో ఫీజు ప్రభుత్వం నిర్ణయించినదే గనుక ప్రైవేటు కాలేజీల కన్వీనర్ సీట్లనూ పెట్టండి. వాటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. నాలుగైదు ఆప్షన్లతో ఆపేసి తొలి విడతలో సీటు రాలేదని బాధపడటం కంటే, చేరడానికి సిద్ధంగా ఉన్న ప్రతి కాలేజీనీ జాబితాలో ఉంచడం మేలు.

ఆప్షన్ల వరుసలో నా అభిప్రాయం ఒకటి చెబుతాను. కొత్త భవనం, ఏసీ తరగతి గది చూడకండి, ఆసుపత్రి చూడండి. డాక్టరు చదువు రోగి మంచం పక్కన నేర్చుకునేది. కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లాల నుంచే కాక గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. అన్ని రకాల జబ్బులూ అక్కడ విద్యార్థి కంటపడతాయి. అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ కూడా అలాంటివే. వార్డులు నిండుగా ఉండే ఆసుపత్రి ఉన్న కాలేజీకి మొదటి స్థానం ఇవ్వండి.

కొత్త ప్రభుత్వ కాలేజీల విషయంలో ఒక హెచ్చరిక. నంద్యాలతో సహా 2023లో మొదలైన ఐదు కాలేజీల్లో కొన్ని సీట్లను ఏడాదికి 12 లక్షల ఫీజుతోనూ, కొన్నింటిని 20 లక్షల ఎన్ఆర్ఐ ఫీజుతోనూ ఆనాడు నిర్ణయించారు. పేరులో ప్రభుత్వ కాలేజీ అని ఉంది కదా అని ఆప్షను పెట్టేయకుండా, అది ఏ కేటగిరీ సీటో, ఈ ఏడాది దాని ఫీజు ఎంతో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఎంసీసీలో మొదటి విడతలో వచ్చిన సీటును చేరకుండా వదిలేయవచ్చు, నష్టం లేదు. రెండో విడతలో వదిలితే డిపాజిట్టు పోతుంది. తర్వాతి విడతల్లో చేరినవారు ఇక బయటికి రాలేరు, రాష్ట్ర కౌన్సెలింగుకూ అర్హత పోగొట్టుకుంటారు. ఎక్కడో ఈశాన్య రాష్ట్రంలో సీటు వచ్చిందని తొందరపడి చేరే ముందు, రాష్ట్రంలో రాబోయే విడతలో ఎస్వీయూ స్థానికుడిగా మీకు ఏ అవకాశం ఉందో లెక్క చూసుకోండి.

సీటు రాకపోతే

లాంగ్‌టర్మ్‌కు, అంటే మరో ఏడాది నీట్ శిక్షణకు, వెళ్లాలా వద్దా అన్నది మీ తప్పుల పుస్తకాన్ని చూసి నిర్ణయించుకోవాలి. సిలబస్‌లో సగం చదవకుండానే పరీక్ష రాసి, చదివిన భాగంలో బాగా చేసి ఉంటే, మరో ఏడాది తప్పకుండా ఇవ్వవచ్చు. మొత్తం రెండు మూడుసార్లు చదివి కూడా మార్కులు కదలకపోతే, అదే పద్ధతిలో ఇంకో ఏడాది చదివితే మారుతుందన్న ఆశకు ఆధారం లేదు. పద్ధతి మార్చాలి లేదా దారి మార్చాలి. రెండోసారి కూడా రాకపోతే మూడో ఏడాదికి వెళ్లే ముందు బిడ్డతో తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడండి. బంధువులు ఏమనుకుంటారో అన్న భయంతో ఒక పిల్లవాడి మూడో ఏడాదిని పణంగా పెట్టకూడదు.

ఇతర దారులు చిన్నవేమీ కావు. బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో ప్రవేశాలు అదే నీట్ ర్యాంకుతో జరుగుతాయి. పశువైద్యానికి రాష్ట్రంలో ఏపీ ఈఏపీసెట్ రాయాలి కాబట్టి బైపీసీ విద్యార్థులు నీట్‌తో పాటు దానికీ దరఖాస్తు చేయడం మంచిది. ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది.

విదేశాల్లో ఎంబీబీఎస్ గురించి ఏజెంట్లు ఇంటికి వస్తారు. సంతకం పెట్టే ముందు 2021 నవంబరులో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు చదవండి. నీట్ అర్హత ఉండాలి, కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లీషు మాధ్యమంలో సాగాలి, ఆపైన అదే దేశంలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగి వచ్చాక అర్హత పరీక్ష పాసవ్వాలి. ఈ షరతులన్నిటికీ ఆ కాలేజీ సరిపోతుందని కాగితం మీద రాసివ్వలేని ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

చేరే రోజు

అలాట్‌మెంట్ ఆర్డరు వచ్చాక చేరడానికి ఇచ్చే గడువు తక్కువ. నీట్ అడ్మిట్ కార్డు, ర్యాంకు కార్డు, పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫోటోలు ఒక్క ఫైలులో ఇదే వరుసలో పెట్టుకోండి. ర్యాగింగుకు పాల్పడనని విద్యార్థి, తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో ఇచ్చే హామీపత్రాన్ని ముందు రోజే నింపి ప్రింటు తీసుకోండి. ఫీజు ఏ రూపంలో, ఎవరి పేరు మీద కట్టాలో కాలేజీకి ఫోను చేసి కనుక్కోండి. ఆదివారమో పండుగో అడ్డొస్తే బ్యాంకు పని ఆగిపోతుంది.

ఒరిజినల్ పత్రాలను కాలేజీ తన దగ్గర ఉంచుకుంటుంది, కోర్సు పూర్తయ్యేదాకా సాధారణంగా తిరిగి రావు. స్కాలర్‌షిప్పుకో, బ్యాంకు విద్యారుణానికో, పాస్‌పోర్టుకో మధ్యలో అవసరం పడుతుంది కాబట్టి, వాటిని ఇచ్చేసే ముందు ప్రతి పత్రానికీ రంగుల స్కాన్ తీసి ఈమెయిలులో దాచుకోండి. గెజిటెడ్ అధికారి సంతకంతో కనీసం ఐదు సెట్లు జిరాక్సులు చేయించండి. పత్రాలు ఇచ్చినట్టు కాలేజీ ఆఫీసులో రాసిచ్చే రసీదులో ఒక్కొక్క పత్రం పేరు విడివిడిగా ఉందో లేదో చూసుకుని, ఆ రసీదును ఇంట్లో తల్లిదండ్రుల దగ్గర ఉంచండి.